తుమ్మితే రాలిన ఈగ

ఈగల మీద ఏళ్ళ తరబడి పని చేసిన మనిషికి ఈగ ఎక్కడ దొరికినా ఆశ్చర్యం ఉండకూడదు. పేడలో దొరుకుతుంది, కుళ్ళిన పుట్టగొడుగులో దొరుకుతుంది, చచ్చిన నత్తగుల్లలో దొరుకుతుంది. సువర్చలకు మాత్రం ఆ సోమవారం పొద్దున సొంత ముక్కులోంచి దొరికింది.

పాడేరు కొండమీద కీటక పరిశోధన కేంద్రంలో కిటికీ పక్కన తన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటోంది. కొన్నాళ్ళుగా ముక్కు దిబ్బడ వేసి ఉంది. కొండ చలికి పట్టిన జలుబే అనుకుంది. తుమ్ము వస్తే చేతిరుమాలు అందేలోపే తుమ్మేసింది. ఎదురుగా ఉన్న తెల్లకాగితం మీద నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి చుక్క ఒకటి పడింది. ఆ చుక్క లేచి నాలుగడుగులు నడిచి, ముందుకాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

ఇంకెవరైనా అయితే కెవ్వుమనేవారు. సువర్చల కుడిచెయ్యి మాత్రం దానంతటది చిన్న గాజుసీసా అందుకుని చుక్కమీద బోర్లించింది. ఎడమచెయ్యి స్పిరిటు తెచ్చింది. ఈగ చచ్చి అడుక్కి దిగాక గానీ ఆమెకు భయం వెయ్యలేదు. అలవాటైన చేతులు అంతే, యజమానిని అడగవు.

మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. మగ ఈగ. గూని వీపు, బలమైన వెనకకాళ్ళు, ఆ కుటుంబం తెలిసిందే. కానీ రెక్కలో మూడో నరం సగం దూరం వచ్చి కొడవలిలా వెనక్కి తిరిగింది. అలాంటి రెక్క ఆమె ఎక్కడా చూడలేదు. పక్కగదిలోంచి భుజంగరావు గారిని పిలిచింది. ఆయన ఆమె గురువు. రిటైరైనా ఇంట్లో తోచక రోజూ కేంద్రానికి వచ్చి, ఎవరూ అడగని సలహాలు చెబుతూ, అందరి టీలూ తాగుతూ ఉంటారు. చిన్న ఈగల విషయంలో మాత్రం ఆయన మాటకి తిరుగులేదు.

ఆయన కళ్ళద్దాలు నెత్తిమీదకి తోసి, చాలాసేపు వంగి చూశారు.

"ఇదేటమ్మా, ఈ నరం ఇలాగ తిరిగింది? నా సర్వీసులో చూళ్ళేదు. కొత్తదే. అనుమానం లేదు. ఎక్కడ పట్టావు?"

"పట్టలేదు సార్. తుమ్మాను."

ఆయన మెల్లగా తలెత్తారు. ఆమె ముఖం చూశారు, ముక్కు చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చీకటిగెడ్డ గుహలో నోటితోనే పీల్చావు కదూ," అన్నారు.

తప్పు అక్కడే జరిగింది. చిన్న ఈగల్ని పట్టడానికి ఒక సీసా, దానికి రెండు రబ్బరు గొట్టాలు ఉంటాయి. ఒక గొట్టం ఈగ దగ్గర పెట్టి, రెండోది నోట్లో పెట్టుకుని చటుక్కున పీలిస్తే ఈగ గాలితోపాటు సీసాలో పడుతుంది. అది నోట్లోకి రాకుండా గొట్టం చివర సన్నని వలగుడ్డ కడతారు. నోటితో పని లేకుండా చేత్తో నొక్కే బుడ్డి ఉన్నవి ఎప్పుడో వచ్చాయి. కానీ ఈ కేంద్రంలో వాటిని ముట్టుకోవడం నామోషీ. నోటితో పీలిస్తేనే చేతికి అదుపు వస్తుందని భుజంగరావు గారు తన శిష్యులందరికీ నూరిపోశారు. కిందటి నెల ఈగల కోసం ఆ గబ్బిలాల గుహకి వెళ్ళినప్పుడు వలగుడ్డ చిరిగితే, సువర్చల సంచీలో తుడుపుగుడ్డగా ఉన్న తన కూతురి పాత గౌను అంచు చింపి కట్టింది. ఆ గుడ్డ ఈగని ఆపింది. దుమ్ముకన్నా సన్నని గుడ్లని ఆపలేదు.

"ఆ బుడ్డి సీసా నేనే బీరువాలో పెట్టి తాళం వేసేను," అన్నారు ఆయన నేల చూస్తూ. ఆయన అంత చిన్నబోవడం సువర్చల ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడవన్నీ ఎందుకు సార్," అంటూ ఆమె స్పిరిటు మార్చడానికి సీసా మూత తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ముక్కులోకి ఏదో ఘాటుగా, చల్లగా దూసుకుపోయింది. అది ఏమిటో తెలియడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

అది వాసన.

కుందన కడుపులో ఉండగా సువర్చలకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. ఆ జ్వరం పడ్డవాళ్ళలో కొందరికి వాసన నెలకి తిరిగి వచ్చింది, కొందరికి ఏడాదికి. ఈమెకి రాలేదు. పాప పుట్టాక నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ఒళ్ళో పెట్టారు. వచ్చినవాళ్ళందరూ వంగి ఆ నెత్తి వాసన పీల్చి కళ్ళు మూసుకునేవారు. సువర్చల కూడా పీల్చింది. గ్లాసులో మంచినీళ్ళు వాసన చూస్తే ఎంత తెలుస్తుందో అంతే తెలిసింది. ఆ మాట ఎవరికీ చెప్పకుండా అందరితోపాటు నవ్వింది. ఇప్పుడు కుందనకి అయిదేళ్ళు.

ఆ సాయంత్రం ఇంటికి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. దారి పొడుగునా వాసనలే. తడిమట్టి, డీజిలు, ఎవరో వేయిస్తున్న ఎండుచేపలు, కాఫీ పిక్కలు ఆరబెట్టిన పట్టాలు. దేన్నీ వదలకుండా పీల్చుకుంటూ వచ్చింది. వాకిట్లో కుందన ఒంటికాలిమీద తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. సువర్చల సంచీ కింద పడేసి పిల్లని పట్టుకుని, నెత్తిమీద ముక్కు ఆనించింది.

కుంకుడుకాయ, చెమట, కొబ్బరినూనె. వాటన్నిటి అడుగున ఇంకొకటి ఉంది. దానికి పేరు లేదు. ఎండలో ఆరిన నూలుబట్టకి దగ్గరగా ఉంటుంది గానీ అది కాదు. అది కుందన. సువర్చల గుమ్మంలోనే కూలబడి భోరుమని ఏడ్చింది.

"ఏటైందే?" అంటూ లోపలినుంచి సింహాద్రి పరుగెత్తుకొచ్చాడు. అతను ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. చేతిలో పప్పుగరిటె అలాగే ఉంది.

"పప్పు అడుగంటుతోందండీ," అంది సువర్చల వెక్కుతూనే. "నాకు వాసన వస్తోంది."

సింహాద్రి గరిటెతోపాటు అక్కడే చతికిలపడ్డాడు. ఆ రాత్రి ముగ్గురూ మాడిన పప్పే తిన్నారు. అంత మంచి పప్పు తన జన్మలో తినలేదంది సువర్చల.

సంతోషం అక్కడితో ఆగితే ఇది కథ అయ్యేది కాదు. మర్నాడు విశాఖపట్నంలో ముక్కు వైద్యురాలు డాక్టర్ సుహాసిని సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపించి, తెర మీద చూస్తూ చూస్తూ మాట ఆపేసింది. ముక్కు కప్పులో, బాగా పైన, బియ్యపు నూకల్లా తెల్లని పురుగులు కొన్ని అంటుకుని ఉన్నాయి. మెల్లగా కదులుతున్నాయి.

"మీ పాత రిపోర్టులో ఇక్కడ వాసన తెలిసే పొర ఎండిపోయిందని ఉంది. ఇప్పుడు చూడండి, పసిపిల్లల ముక్కులో ఉన్నట్టుంది. ఇవి నాకిన చోటల్లా నరాల పోగులు కొత్తగా మొలిచాయి. నేను చదువుకున్న చదువులో ఇలాంటిది లేదు," అంది డాక్టరు. తర్వాత గొంతు మార్చింది. "కానీ మేడమ్, వీటికీ మీ మెదడుకీ మధ్య ఉన్న ఎముక అప్పడమంత. అప్పుడే పలచబడింది. మాత్ర రాస్తాను, వేసుకుంటే చచ్చి రాలిపోతాయి. ఇవాళే వేసుకోండి."

"అవి పోతే వాసన?"

"చెప్పలేను. ఆ పోగులు వీటి లాలాజలం మీద బతుకుతున్నట్టున్నాయి. ఇవి లేకపోతే కొన్నాళ్ళుండి వాడిపోవచ్చు."

మాత్రలు కొంగున కట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కేటప్పటికి భుజంగరావు గారి ఫోను వచ్చింది. మిగతా ఈగల కోసం చీకటిగెడ్డకి మనిషిని పంపారట. మొన్నటి వానలకి కొండచరియ విరిగిపడి గుహ నోరు పూడుకుపోయింది. అక్కడ గుహ ఉండేదని చెబితే తప్ప తెలియదు. లోపలి గబ్బిలాలు లోపలే పోయాయి.

"ఆ ఈగ గబ్బిలాల ముక్కుల్లో అద్దెకుంటాదమ్మా," అన్నారాయన, డాక్టరు చెప్పిందంతా ఆమె నోట విని. "అద్దె కింద వాసన ఇస్తాది. చీకట్లో తల్లిగబ్బిలం వెయ్యి పిల్లల్లో తన పిల్లని వాసనతోనే కదా పోల్చుకునేది. ఇప్పుడా జాతి మొత్తం మీద మిగిలింది నీ ముక్కులో ఉన్నవే."

ఇంటికి వచ్చి మాత్రలు గూట్లో పెట్టింది సువర్చల. సింహాద్రి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"వేసుకో."

"కొన్నాళ్ళు ఆగుతానండీ. పురుగులు ఈగలై వాటంతటవి బయటికొస్తాయి. ఆడదీ మగదీ చేతికొస్తే జాతి నిలుస్తుంది. అప్పుడు వేసుకుంటాను."

"ఈగ కోసం పేణం మీదకి తెచ్చుకుంటావేటి? నీకేదైనా అయితే ఈ పిల్లకి నేనేటి చెప్పాలి? ఓ కొత్తరకం ఈగ పుట్టిందమ్మా, అందుకే మీయమ్మ పోయిందీ అని చెప్పాలా?"

అతను కోపంగా మాట్లాడటం ఆ ఇంట్లో చాలా అరుదు. సువర్చల గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"ఈగ కోసమని పైకి చెప్తున్నాను గానీ, నా కోసం కూడానండీ. అయిదేళ్ళు దీని నెత్తి వాసన తెలియకుండా పెంచాను. మీరందరూ చూసి మురిసిపోతుంటే దొంగనవ్వు నవ్వాను. ఇవాళ మాత్ర వేసుకుంటే రేపటినుంచి మళ్ళీ మంచినీళ్ళే. ఇంకొక్క వారం ఇవ్వండి నాకు. జ్వరం వచ్చినా, తల నొప్పి వచ్చినా, ఆ నిమిషమే మింగేస్తాను. ఒట్టు."

 సింహాద్రి మాత్రల వంక చూశాడు. లేచి పాత దోమతెర ఒకటి వెతికి తీసి, సూదీ దారం పట్టుకుని, నిద్రలో వచ్చే ఈగ ఎగిరిపోకుండా భార్య ముఖానికి ముసుగు కుట్టడం మొదలుపెట్టాడు. కుట్లు వంకరటింకరగా వచ్చాయి. ముక్కు దగ్గర సంచీలా వదిలాడు. అది పెట్టుకున్న సువర్చలని చూసి కుందన పడీపడీ నవ్వింది.

"అమ్మ ముక్కులో ఈగలు ఇల్లు కట్టుకున్నాయి," అని వీధంతా చెప్పి వచ్చింది కూడా. రెండు రోజులు ఇరుగుపొరుగు ఆమె దగ్గరగా నిలబడి మాట్లాడలేదు.

ఆ వారమంతా సువర్చల పగలు తొలి ఈగ గురించి వర్ణన రాసింది. కొత్త జాతికి వర్ణన రాయడమంటే పొగడటం కాదు. దగ్గరి చుట్టం ఏది, దానికీ దీనికీ తేడా ఎక్కడ, వెంట్రుకలు ఎన్ని, నరం ఎటు తిరిగింది, అంతే. లోకానికి ఆ జాతిని పరిచయం చేసే నమూనాగా ఒక చచ్చిన ఈగ శాశ్వతంగా పెట్టెలో ఉండాలి. స్పిరిటులో పోయిన మగ ఈగ ఎలాగూ ఉంది. దాన్ని సూదికి అతికించేటప్పుడు సువర్చల ఎన్నడూ చెయ్యని పని చేసింది. రెండు చేతులూ జోడించి, "నీ రుణం తీర్చుకోలేనిదమ్మా," అంది. మగ ఈగని అమ్మా అన్నందుకు భుజంగరావు గారు తర్వాత చాలాసార్లు ఏడిపించారు.

సాయంత్రాలు మాత్రం కుందనవి. పిల్ల నిద్రపోతున్నప్పటి వాసన, ఏడ్చినప్పటి వాసన, వానలో తడిసొచ్చినప్పటి వాసన, అన్నీ వేరు. ఎక్కడ కాస్త తల బరువనిపించినా గూట్లో మాత్రల వైపు చూసేది. సింహాద్రి పాఠశాల నుంచి గంటకోసారి ఫోను చేసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఆమె గొంతు విని పెట్టేసేవాడు.

వారం తిరిగేలోపు ముసుగులోకి రెండు ఈగలు నడిచొచ్చాయి. ఒకటి మగ, ఒకటి ఆడ. మిగతా పురుగులు ఎదగకుండానే పోయినట్టున్నాయి, వెనకాల ఇంకేవీ రాలేదు. ఒకే గాజుగొట్టంలో వేస్తే మధ్యాహ్నానికల్లా జత కట్టాయి. కెమెరాతో చూస్తే ముక్కు ఖాళీ. సుహాసిని డాక్టరు గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకోసారి వీటిని లోపలికి రానిచ్చారంటే ఆ ఎముక నిలవదు. నిక్కచ్చిగా చెప్తున్నాను," అంది. సువర్చల తలూపింది.

తలూపడం తేలిక. మర్నాడు కేంద్రంలో తనొక్కతే ఉన్నప్పుడు గాజుగొట్టం చేతిలోకి తీసుకుంది. ఆడ ఈగ కడుపు నిండుగా, లేత పసుపుగా ఉంది. బిరడా తీస్తే గొట్టం అంచుదాకా నడిచొచ్చి, ఊపిరి తగిలేచోట ఆగి, కొమ్ములు ఆడించింది. దానికి కావలసిన ఇల్లు బెత్తెడు దూరంలో ఉంది. ఆమెకి కావలసింది దాని కడుపులో ఉంది. ఒక్కసారి పీలిస్తే చాలు. పీల్చడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఇంకో నెల, ఇంకో రెండు నెలలు కుందన వాసన తనకి దక్కుతుంది. డాక్టరు భయపెట్టినంత జరగకపోవచ్చు కూడా.

గొట్టం ముక్కు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగింది. దీనికి పుట్టే పిల్లలు నా ముక్కులోనే పెరిగి, నాలోనే జత కట్టి, నాతోనే అయిపోతాయి. నేను పోయినా పోతాయి, ఎముక పోయినా పోతాయి. ఒక జాతి అంతా ఒక మనిషి ముక్కులో ఎన్నాళ్ళు బతుకుతుంది? అడగకుండా వచ్చి, అయిదేళ్ళ ఆకలి తీర్చి, దాని దారిన అది బయటికొచ్చిన ప్రాణం. దాన్ని మళ్ళీ బంధించడానికా ఇంత పీల్చడం నేర్చుకున్నది? సువర్చల బిరడా పెట్టేసింది.  టీ పెట్టుకుని తాగింది. టీ వాసన ఎంత బాగుందో.

ఈగల్ని మళ్ళీ గబ్బిలాల దగ్గరే వదిలేద్దామన్న సువర్చల మాట విని భుజంగరావు గారు తన ముక్కు ముందుకు పెట్టారు. "నా దగ్గర ఉంచు. ముసలాణ్ణి, పోయినా ఫరవాలేదు. దేశంలో వాసన పోయినోళ్ళు ఎంతమంది ఉన్నారో ఆలోచించేవా? ఈ లాలాజలంలో ఏటుందో తెలిస్తే వాళ్ళందరికీ మందు."

"అందుకే సార్. గబ్బిలాల్లో జాతి బతికితే ఆ మందు ఎప్పటికైనా వస్తుంది. మీ ముక్కులో పెడితే, రేపు మీకు పడిశం పట్టి చీదారంటే, ఎవరికీ రాదు."

ఆయన ముక్కు తడుముకుని, "అదీ నిజమే," అన్నారు.

చీకటిగెడ్డకి ఆవల గుమ్మాలమెట్ట మీద ఇంకో గుహ ఉంది. అవే గబ్బిలాలు, అదే రాయి. ఆదివారం మధ్యాహ్నం జీపులో నలుగురూ వెళ్ళారు. కాఫీ తోటల్లోంచి పైకి నడక. గుహ దగ్గరికి వచ్చేసరికి గబ్బిలాల కంపుకి సింహాద్రి తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. సువర్చల చుట్టుకోలేదు. ఆ కంపు కూడా వదులుకోబుద్ధి కాలేదు ఆమెకి. లోపల పైకప్పునిండా తల్లులూ పిల్లలూ వేలాడుతున్నాయి, కిచకిచమని ఒకటే గోల.

ఆమె కుందనని ఎత్తుకుని, ఆ నెత్తిమీద ఒకసారి గుండె నిండా పీల్చింది. తర్వాత గొట్టం తెరిచి రాతి గూట్లో పెట్టింది. మగ ఈగ ముందు ఎగిరింది. ఆడది అంచుమీద కొంచెంసేపు నిలబడి, పైకి, పిల్లని పొదువుకున్న ఒక గబ్బిలం వైపు వెళ్ళిపోయింది. అంత చిన్నది చీకట్లో ఎంతదూరం కనబడుతుంది.

"టాటా చెప్పు," అంది సువర్చల.

"టాటా ఈగా," అంది కుందన.

భుజంగరావు గారు గుహ బయట రాయి మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. కొండ దిగాక ఆయన చేసిన మొదటి పని, బీరువా తాళం తీసి చేత్తో నొక్కే బుడ్డి సీసాలన్నీ బయట పెట్టడం.

వ్యాసం అచ్చుకి వెళ్ళింది. నమూనా దొరికిన చోటు అన్న గడిలో సువర్చల ఉన్నదున్నట్టు, పాడేరు, రచయిత్రి ముక్కు, తుమ్ముతో, అని రాసింది. పత్రిక సంపాదకుడు ఇది పొరపాటేమో సరిచూసుకోమని తిప్పి పంపాడు. సరిచూశాం, ముక్కే, అని భుజంగరావు గారు జవాబు రాశారు. జాతికి గంధద అని పేరు పెట్టారు. వాసన ఇచ్చేది అని. చలికాలంలో గుమ్మాలమెట్ట గుహలో దీపం పెట్టి చూస్తే, రెక్కలో కొడవలి నరం ఉన్న చిన్న ఈగలు ఒకటి కాదు, కొన్ని దొరికాయి. ఆ వార్త విన్నరోజు సువర్చల పరమాన్నం వండి కేంద్రమంతా పంచింది. ఆ పరమాన్నంలో యాలకుల వాసన ఆమెకి సగమే తెలిసింది.

వాసనలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ముందు పూలు, తర్వాత సబ్బు, తర్వాత పోపు. కుందనకి ఇది అర్థమైంది. పొద్దున్నే లేచి వచ్చి తల్లి ముక్కు కింద నెత్తి పెట్టేది. "ఇవాళ వస్తున్నానా అమ్మా?" అని అడిగేది. వస్తున్నావు అనేది సువర్చల. రోజూ వచ్చింది, ఆఖరిదాకా అదొక్కటే వచ్చింది. అందుకు ఆమె రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేది. బడులు తెరిచిన వారంలో ఒకనాడు ఎంత పీల్చినా రాలేదు. అబద్ధం చెబుదామనుకుంది. అయిదేళ్ళు నవ్విన ఆ దొంగనవ్వు ఇంక నవ్వబుద్ధి కాలేదు.

"లేదమ్మా. ఇవాళ రాలేదు."

కుందన మొహం చిన్నబుచ్చుకుంటుందనుకుంది. పిల్ల ఆలోచించింది. తన జడ ముందుకు లాక్కుని, ముక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని శ్రద్ధగా పీల్చింది.

"అయితే నేను చెప్తాను ఉండు. నిన్నటిలాగే ఉంది," అంది. మళ్ళీ పీల్చింది. "కాదు, కొంచెం తేడా. పెన్సిలు చెక్కితే పొట్టు వస్తాది చూడు, ఆ వాసన కూడా ఉంది. అది ముందు లేదు."

సువర్చలకి ఆ వాసన తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు. ఆమె కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, "మళ్ళీ చెప్పు, మెల్లగా చెప్పు," అంది.